అమెరికా పాత మ్యాచ్‌బుక్ అట్టలు: ఎలా ఏరాలి, ఎలా చదవాలి, ధర ఎలా కట్టాలి

మన ఇళ్లలో అగ్గిపెట్టె అంటే సొరుగులా జారే చిన్న డబ్బా. అమెరికాలో చాలాకాలం జేబుల్లో తిరిగింది వేరే రకం. మడతపెట్టిన దళసరి కాగితపు అట్ట, లోపల రెండు వరసల కాగితపు పుల్లలు, అడుగున ఒక పిన్ను. దాన్నే మ్యాచ్‌బుక్ అంటారు. హోటళ్లు, బార్లు, బ్యాంకులు, మంగలి షాపులు, చివరికి అంత్యక్రియలు జరిపించే సంస్థలు కూడా వాటిని ఊరికే పంచిపెట్టేవి. సిగరెట్ వెలిగించిన ప్రతిసారీ తమ పేరు కస్టమర్ కంట పడుతుందని వాళ్ల ఆశ.

నేను ఒహాయోలో ఉంటాను. ఒక శనివారం గరాజ్ సేల్‌లో చెప్పుల డబ్బా నిండా ఇవి కనిపిస్తే ఐదు డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ బల్ల మీద పరుస్తుంటే, ఒక చిన్న ఊరి భోజన హోటల్ అట్ట మీద ఫోన్ నంబరు కంటబడింది. రెండంటే రెండే అంకెలు. ఆ ఊళ్లో అప్పుడు ఎన్ని ఫోన్లు ఉండి ఉంటాయి, ఆ హోటల్ ఇప్పుడు ఉందా అని ఆ రాత్రంతా వెతికాను. అప్పటినుంచి ఈ పిచ్చి వదల్లేదు. మీకూ ఇలాంటి డబ్బా దొరికితే ఏం చేయాలో, నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు కొంచెం కథ తెలుసుకోండి

పెన్సిల్వేనియాకు చెందిన జాషువా ప్యూసీ అనే లాయరు 1892లో కాగితపు పుల్లల మ్యాచ్‌బుక్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన నమూనాలో పుల్ల గీసే పట్టీ అట్ట లోపల, పుల్లల తలల పక్కనే ఉండేది. ఒక పుల్ల గీస్తే మిగతావీ అంటుకునే ప్రమాదం ఉంది. తర్వాత ఆ పేటెంట్‌ను డైమండ్ మ్యాచ్ కంపెనీ కొనుక్కుని, పట్టీని బయటికి, ముందు వైపుకి మార్చింది. ప్రకటనలతో వచ్చిన మొదటి మ్యాచ్‌బుక్‌గా 1890లలో మెండెల్సన్ ఆపెరా కంపెనీ వాళ్లు చేత్తో తయారు చేసుకున్నదాన్ని చెబుతారు. అందులో ఒక్కటే మిగిలిందంటారు. అసలు వ్యాపారాన్ని నిలబెట్టినవాడు డైమండ్ కంపెనీ సేల్స్‌మన్ హెన్రీ ట్రౌట్. పాబ్స్ట్ బీరు కంపెనీ దగ్గర పెద్ద ఆర్డరు తెచ్చి, ఈ అట్ట మంచి ప్రకటన స్థలమని అందరికీ చూపించాడు. గీసే ముందు మూత మూయమని అట్ట మీద కనిపించే హెచ్చరిక కూడా ఆయన ఆలోచనే అంటారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, పట్టీ ఎక్కడుందన్న ఒక్క ప్రశ్న మీకు ముందు ముందు చాలా పనికొస్తుంది.

ఏం సేకరించాలో తేల్చుకోండి

దొరికిందల్లా పోగేయకండి. అమెరికాలో కోట్ల కొద్దీ మ్యాచ్‌బుక్‌లు అచ్చయ్యాయి. అన్నీ కావాలంటే ఆరు నెలల్లో అల్మారా నిండుతుంది, ఏదీ మనసులో నిలవదు. ఒక దారి ఎంచుకోండి. రైళ్లు, విమాన సంస్థలు, లాస్ వేగస్ కాసినోలు, పేరుమోసిన పాత 66వ నంబరు హైవే (రూట్ 66) మీది మోటళ్లు, రెండో ప్రపంచ యుద్ధం, 1933 షికాగో, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలు, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో దారి.

నా సలహా అడిగితే, మీరుండే ఊరితో, జిల్లాతో మొదలుపెట్టండి. డాలస్ చుట్టుపక్కల ఉంటే ఆ పాత డౌన్‌టౌన్ హోటళ్లు, న్యూజెర్సీలో ఉంటే హైవే పక్క డైనర్లు, అంటే చిన్న భోజనశాలలు. ఇక్కడికి వలస వచ్చిన మనకి ఈ ఊళ్ల పాత ముఖం తెలియదు. మనం రోజూ కారులో దాటిపోయే పార్కింగ్ స్థలంలో ఒకప్పుడు ఆరంతస్తుల హోటల్ ఉండేదని ఒక అట్ట చెబుతుంది. ఆ తెలియడం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. పైగా సొంత ఊరి అట్టలు చవగ్గా, దగ్గర్లోనే దొరుకుతాయి.

సైజు కూడా చూసుకోండి. ఇరవై పుల్లలది మామూలు సైజు. విప్పి పరిస్తే సుమారు ఒకటిన్నర అంగుళం వెడల్పు, నాలుగున్నర అంగుళాల పొడవు ఉంటుంది. ముప్పై పుల్లలవి, నలభై పుల్లలవి ఇంకా వెడల్పు. మొదట్లో ఇరవై పుల్లలవాటితోనే వెళ్తే ఆల్బమ్ సర్దుకోవడం సులువు.

ఎక్కడ వెతకాలి

ఎస్టేట్ సేల్స్ అన్నిటికన్నా మంచివి. ఇంటి పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామానంతా అమ్ముతారు. వంటింటి డ్రాయరు, గాజు కూజా, పాత సిగార్ డబ్బా తెరిచి చూడండి. హనీమూన్ నుంచి రిటైర్మెంట్ దాకా ఆ దంపతులు తిన్న, పడుకున్న ప్రతిచోటు నుంచీ ఒకటి తెచ్చిపెట్టుకుని ఉంటారు. అలాంటి డబ్బా దొరికితే విడగొట్టకుండా మొత్తం కొనండి.

సంతల్లో అయితే అమ్మేవాళ్లని నోరు తెరిచి అడగాలి. ఇవి చిన్నవి కాబట్టి బల్ల మీద పెట్టరు, కింద ప్లాస్టిక్ సంచిలో పడేసి ఉంచుతారు. మసాచుసెట్స్‌లో బ్రింఫీల్డ్ సంత మే, జులై, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. పాసడేనాలో రోజ్ బౌల్ సంత ప్రతి నెలా రెండో ఆదివారం. మధ్యాహ్నం దాటాక వెళ్తే, సామాను తిరిగి మోసుకెళ్లే ఓపిక లేక అడ్డికి పావుశేరు లెక్కన ఇచ్చేస్తారు.

క్లబ్బుల్ని మర్చిపోకండి. రాత్‌క్యాంప్ మ్యాచ్‌కవర్ సొసైటీ 1941 నుంచీ ఉంది. ఏటా సమావేశం జరుపుతుంది. అక్కడ ఊరికే తీసుకోమని అట్టలు పరిచిన బల్లలు ఉంటాయి. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చు. పెద్ద వయసు సభ్యులు కొత్తవాళ్లని చూస్తే ఎంతో సంతోషపడతారు. ఒక్కపూట వాళ్ల పక్కన కూర్చుంటే వచ్చే జ్ఞానం ఏడాదిపాటు ఈబే చూసినా రాదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. పుల్లలున్న మ్యాచ్‌బుక్‌ని అమెరికా నుంచి విదేశాలకు పోస్టులో పంపకూడదు. విమానంలో చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టడం కూడా నిషేధం. కాబట్టి పుల్లలు ముందే తీసేసిన, చదును చేసిన అట్టలే తెప్పించుకోండి. సెలవులకు వచ్చే బంధువులతో తెప్పించినా ఇదే నియమం. "ఏం కాదులే, చిన్నదే కదా" అని ఎవరి పెట్టెలోనూ పెట్టించకండి.

అట్టని చదవడం నేర్చుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది బొమ్మ చూసి ధర అడుగుతారు. మీరు ఒక భూతద్దం కొనుక్కుని అక్షరాలు చదవండి.

మొదట పట్టీ. అది ముందు వైపు ఉంటే, ఆ మ్యాచ్‌బుక్ దాదాపు ఎప్పుడూ 1970ల మధ్యకాలం కన్నా ముందుదే. భద్రతా కారణాలతో ఆ దశాబ్దంలో కంపెనీలు పట్టీని వెనక వైపుకి మార్చాయి. 1978లో ప్రభుత్వ నిబంధన కూడా అమలులోకి వచ్చింది. ఎవరైనా "ఇది 1940 నాటిది" అని చూపిస్తే, ముందు తిప్పి చూడండి. పట్టీ వెనక ఉంటే అది తర్వాత కాలంలో వేసినదో, పాత బొమ్మతో కొత్తగా అచ్చేసిన జ్ఞాపికో అయి ఉంటుంది.

తర్వాత తయారీదారు ముద్ర. దీన్ని సేకర్తలు మాన్యుమార్క్ అంటారు. పట్టీ దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో కంపెనీ పేరు, ఊరు ఉంటాయి. న్యూయార్క్‌కు చెందిన లయన్, సెయింట్ లూయిస్‌కు చెందిన యూనివర్సల్, షికాగోకు చెందిన సుపీరియర్, మా ఒహాయోలో వాడ్స్‌వర్త్ ఊరి ఒహాయో మ్యాచ్ కంపెనీ తరచూ కనిపిస్తాయి. వాడ్స్‌వర్త్‌లో ఇప్పటికీ అగ్గిపుల్ల పేరున ఉత్సవం జరుగుతుంది, నిలువెత్తు కన్నా పెద్ద పుల్లని వెలిగిస్తారు. కంపెనీలు ముద్ర రాసే తీరు కాలంతో మారుతూ వచ్చింది. తేదీ తెలిసిన అట్టల ముద్రల్ని ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటూ పోతే, తేదీ తెలియనివాటిని వాటితో పోల్చి పట్టుకోవచ్చు.

మూడోది చిరునామా. ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెలే ఉంటే, అంటే "షికాగో 11" అన్నట్టు ఉంటే, అది 1943కీ 1963కీ మధ్యది అనుకోవచ్చు, ఎందుకంటే ఆ పోస్టల్ జోన్ అంకెలు 1943లో మొదలయ్యాయి. ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. హవాయి టెరిటరీ అని ఉంటే ఆ ద్వీపాలు 1959లో రాష్ట్రం కాకముందుది. మూడు నాలుగు అంకెల ఫోన్ నంబరు చిన్న ఊరినీ, పాత కాలాన్నీ చూపిస్తుంది. ఫోన్ నంబరు అంకెలతో కాక అక్షరాలతో, అంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పేరుతో మొదలైతే చాలావరకు 1960లలోదో, అంతకు ముందుదో.

నాలుగోది చరిత్ర గుర్తులు. నీలం రంగు గద్ద బొమ్మ, కింద ఎన్.ఆర్.ఎ. అక్షరాలు ఉంటే 1933 నుంచి 1935 మధ్యది. మాంద్యం కాలంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన పథకం గుర్తు అది. విస్కీ ప్రకటన ఉందంటే, మద్యనిషేధం 1933 డిసెంబరులో ఎత్తేశారు కాబట్టి, ఎక్కువగా ఆ తర్వాతదే. యుద్ధకాలపు అట్టల మీద బాండ్లు కొనమనే పిలుపులు, సైనిక శిబిరాల పేర్లు ఉంటాయి. పుల్ల గీసే పట్టీని హిట్లర్ పిరుదుల మీద అచ్చేసిన అట్ట కూడా ఉంది. ఆనాటి కోపం దానిలో స్పష్టంగా కనిపిస్తుంది.

లోపలి వైపు తిప్పడం మర్చిపోవద్దు. భోజనం ధరలు, రూము అద్దెలు, దారి చూపే మ్యాపు చాలాసార్లు అక్కడే ఉంటాయి. రెండు డాలర్లకి రూము అన్న ఒక్క మాటతో దశాబ్దాన్ని పట్టుకోవచ్చు.

కొన్ని పాత అట్టల మీద నల్లజాతివారిని అవమానించే బొమ్మలు ఉంటాయి. అవి కంటబడితే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అవి చించేయమని నేను చెప్పను. మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం అలాంటి వస్తువుల్ని సేకరించి, జాతివివక్ష ఎలా రోజువారీ మాటగా మారిందో సందర్శకులకి నేర్పుతోంది. మీ దగ్గర ఉంటే సాక్ష్యంగా దాచండి. ఫ్రేము కట్టి హాల్లో మాత్రం పెట్టకండి.

పుల్లలు తీయాలా, ఉంచాలా

పాతకాలపు సేకర్తలు అన్నిటికీ పుల్లలు తీసి, చదును చేసి ఆల్బమ్‌లో పెట్టేవారు. 1930లలో కొందరు పట్టీని కూడా కత్తిరించేశారు. అలా కత్తిరించినవాటికి ఇప్పుడు విలువ దాదాపు లేనట్టే. మీరు ఎప్పుడూ కత్తెర పెట్టకండి.

మీ చేతిలో ఉన్నది ఏమిటో తేలేదాకా పుల్లలు ముట్టుకోకండి. ముఖ్యంగా లయన్ కంపెనీ 1930లో మొదలుపెట్టిన ఫీచర్ రకం. వీటిలో పుల్లలు వెడల్పుగా ఉంటాయి, వాటి మీదే బొమ్మో, సీసానో, వంటవాడి రూపమో అచ్చేసి ఉంటుంది. మూత తెరిస్తే పుల్లలన్నీ కలిసి ఒక బొమ్మ అవుతాయి. ఒక్క పుల్ల తీసినా బొమ్మ చెడిపోతుంది. ఇలాంటివి, 1920కి ముందువి, యుద్ధకాలపు అరుదైనవి ఎలా దొరికినవి అలాగే ఉంచండి.

మామూలువాటికి మాత్రం పుల్లలు తీయడమే మంచిది. పిన్ను తుప్పు పడుతుంది, పుల్లల తలల రసాయనం అట్టకి మరకలు వేస్తుంది, ఇంట్లో నిప్పు భయం సరేసరి. ఇలా చేయండి:

1. పిన్ను కాళ్లు ఏ వైపు వంగి ఉన్నాయో చూడండి. సన్నటి, మొండి చాకు మొనని కాలి కింద దూర్చి నెమ్మదిగా పైకి లేపండి. రెండూ నిటారుగా అయ్యాక అవతలి వైపు నుంచి పిన్నుని లాగండి. అట్ట మీద చాకు ఆనించి పైకెత్తితే చిరుగుతుంది. కాబట్టి చాకు కింద ఒక కాగితం ముక్క పెట్టుకోండి.

2. పుల్లల గుత్తిని పట్టీకి తగలకుండా బయటికి తీసి, వెంటనే నీళ్ల గిన్నెలో వేయండి. బాగా నానాకే చెత్తబుట్టలోకి వెళ్లాలి.

3. అట్టని మెల్లగా విప్పండి. ఎండిపోయిన కాగితం మడతల దగ్గర విరుగుతుంది. తొందర పడకుండా, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి వారం రోజులు వదిలేయండి. ఇస్త్రీ పెట్టె వాడమని ఎవరైనా చెబితే వినకండి. పట్టీలో ఫాస్ఫరస్ ఉంటుంది.

ఈ పని పిల్లలు నిద్రపోయాక చేసుకోండి.

ఎలా దాచాలి

మొదట్లో నేను ఫోటోలు అంటించే జిగురు పేజీల ఆల్బమ్ ఒకటి కొన్నాను. ప్లాస్టిక్ పొర ఎత్తి, అట్టలు పెట్టి, పొర మూసేయడమే కదా, ఎంత సుఖం అనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒకటి తీయబోతే వెనక కాగితం పొర పేజీకే ఉండిపోయింది. అరవై దాకా అట్టలు అలా పాడయ్యాయి. అందులో ఆ రెండంకెల ఫోన్ నంబరు అట్ట కూడా ఉంది. ఆ ఊరి హోటల్‌ది మరొకటి నాకు ఇంతవరకు దొరకలేదు.

కాబట్టి జిగురు ఏ రూపంలోనూ వద్దు. అట్ట మూలలు దూర్చే చీలికలున్న, ఆమ్లం లేని కాగితం పేజీలు వాడండి. లేకపోతే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ జేబుల పేజీలు కొనండి. మెత్తగా, ఘాటు వాసన వచ్చే పీవీసీ పేజీలు కాలక్రమంలో రంగుకి అతుక్కుపోతాయి. పట్టీ మరో అట్ట బొమ్మకి రాసుకోకుండా సర్దుకోవాలి, లేకపోతే గోధుమ రంగు మరక పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉంటే ఆల్బమ్ పెట్టిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఎప్పటికప్పుడు మార్చండి.

పుల్లలతో ఉంచినవాటిని కొద్దికొద్దిగా చిన్న రేకు డబ్బాల్లో, ఒక్కోదానికి కాగితం చుట్టి పెట్టండి. ఇంటి పైకప్పు కింద అటకలో పెట్టకండి. అమెరికా ఇళ్ల అటకలు వేసవిలో పొయ్యిలా కాలుతాయి.

ధర ఎలా కట్టాలి

మనసు గట్టి చేసుకోండి. చాలా అట్టల ధర చాలా తక్కువ. 1960లు, 70ల నాటి పెద్ద హోటల్ చెయిన్లవి, బ్యాంకులవి పెట్టెల లెక్కన అమ్ముడవుతాయి. విడిగా చూస్తే ఒక్కోటి కొన్ని సెంట్లు పడుతుంది. పాతది కాబట్టి ఖరీదైనదనే లెక్క ఇక్కడ పనిచేయదు. అదే సమయంలో ఒక్కో అట్ట ఆశ్చర్యపరుస్తుంది. చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటి వచ్చాక 1927 జూన్‌లో న్యూయార్క్ ఆస్టర్ హోటల్లో ఆయన గౌరవార్థం ఇచ్చిన విందు మ్యాచ్‌బుక్ ఒకటి 1991లో 4,000 డాలర్లకు అమ్ముడైంది.

తేడా ఎక్కడొస్తుందంటే, ఎందరికి కావాలి, ఎన్ని మిగిలాయి అన్న రెండిటి మధ్య. బీరు సీసాలు సేకరించేవాడు బీరు అట్ట కోసం పోటీకొస్తాడు, రైళ్లవాడు రైలు అట్ట కోసం వస్తాడు, డిస్నీ అభిమాని 1942లో పెప్సీ కోసం డిస్నీ కళాకారులు గీసిన సైనిక చిహ్నాల అట్టల కోసం వస్తాడు. బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో 1930లలో డైమండ్ వేసిన సెట్లకి కార్డులు కొనేవాళ్లు కూడా తోడవుతారు. మ్యాచ్‌బుక్ సేకర్త ఒక్కడే కోరుకునే అట్ట కన్నా, ఇంకో రంగం వాళ్లు కూడా కోరుకునే అట్టకి ధర ఎక్కువ పలుకుతుంది.

పరిస్థితి చూడండి. పట్టీ మీద గీతలు పడ్డాయా, మూలలు నలిగాయా, రంగు వెలిసిందా, వెనక జిగురు మరకలున్నాయా, లోపల పెన్నుతో రాశారా. అసలు పిన్ను కన్నాలే లేవనుకోండి, అది మ్యాచ్‌బుక్‌గా మారకుండా ప్రెస్ నుంచే నేరుగా వచ్చిన కాగితం. చూడ్డానికి కొత్తగా మెరుస్తుంది గానీ, కొందరు దాన్ని తక్కువగానే చూస్తారు. శాంపిల్ అని ముద్ర ఉంటే సేల్స్‌మన్ సంచిలోది.

ఈబేలో ధర చూసేటప్పుడు, అమ్మేవాళ్లు అడిగే ధర మీద నమ్మకం పెట్టుకోకండి. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టరు ఆన్ చేసి, అదే అట్ట, అదే పరిస్థితిలో ఉన్నవి నాలుగైదు చూడండి. ఒక్కటే పెద్ద ధరకి పోయి మిగతావి చిన్న ధరకి పోతే, ఆ పెద్దదాన్ని పక్కన పెట్టండి. ఇద్దరు పంతం పట్టిన వేలం అది.

ఉదాహరణకి, పట్టీ ముందున్న ఒక డైనర్ అట్ట దొరికిందనుకోండి. 66వ నంబరు హైవే పేరుంది, భవనం బొమ్మ ఉంది, నాలుగంకెల ఫోన్ ఉంది, పట్టీ గీయలేదు. హైవే పేరు వల్ల కొనేవాళ్లు ఎక్కువ, బొమ్మ వల్ల ఇంకా ఎక్కువ. చిన్న ఊరిది కాబట్టి అచ్చయినవి తక్కువ. ఇది డబ్బాలోంచి తీసి విడిగా చూడాల్సిన అట్ట. అదే డైనర్ అట్టకి పట్టీ కత్తిరించి ఉంటే, చదివి ఆనందించడానికి ఉంచుకోండి, డబ్బు మీద ఆశ వద్దు.

అమ్మదలచుకుంటే రెండు వైపులా, లోపల కూడా ఫోటో తీయండి. లోపాలు ముందే చెప్పండి. ఎక్కువ మొత్తంలో ఉంటే ఊరి వారీగా, విషయం వారీగా చిన్న చిన్న గుత్తులు కట్టి అమ్మండి. ఒక ఊరి చరిత్ర సంఘానికి ఆ ఊరి అట్టలు చూపిస్తే, కొనే స్తోమత లేకపోయినా ఆ షాపు ఎవరిదో చెప్పేవాళ్లు అక్కడ దొరుకుతారు.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి అట్టకి ఒక వరస: ఎక్కడ, ఎప్పుడు, ఎంతకి కొన్నారు, మాన్యుమార్క్ ఏమిటి, తేదీ ఎలా తేల్చారు. డబ్బా అమ్మినావిడ "మా నాన్న లారీ నడిపేవారు" అంటే అదీ రాయండి. నా నోటుపుస్తకంలో ఆ పాడైపోయిన హోటల్ అట్ట వరస ఇంకా ఖాళీగా ఉంది. ఆ ఊరి పేరు మీద రెండంకెల ఫోన్ నంబరుతో మరొకటి వచ్చినరోజు అక్కడ రాసుకుంటాను.